ఎస్‌ఏ పరీక్షలు ఉంచండి, పేపర్లు పిల్లల చేతికివ్వండి

గౌరవనీయులైన వరంగల్ జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారం. మాది పర్వతగిరి మండలం. పిల్లలకు టెన్షన్ ఎక్కువవుతోందని, బడిలో ఏడాదికి రెండుసార్లు పెట్టే పెద్ద పరీక్షలు ఎస్‌ఏ-1, ఎస్‌ఏ-2 (సమ్మేటివ్ అసెస్‌మెంట్) తీసేస్తే మంచిదని మా దగ్గర కొందరు తల్లిదండ్రులు అంటున్నారు. తీసేయొద్దనే నా మాట. పదో తరగతిలో ఒక్కో సబ్జెక్టుకు 80 మార్కులు బోర్డు పరీక్షలోనే తెచ్చుకోవాలి. గంటల తరబడి కూర్చొని రాసే అలవాటు ఒక్కసారిగా రాదు కదా.

కానీ రాసిన పేపరు ఇంటికి రావాలి సార్. మా పాప ఏడో తరగతి. లెక్కల పేపరు అడిగి తెప్పించుకుని చూశాను. భిన్నాల కూడికలో పై అంకెలతో పాటు కింది అంకెలూ కూడేసింది. ప్రతి లెక్కలో అదే తప్పు. పక్కన ఎర్ర సున్నా తప్ప ఒక్క ముక్క రాయలేదు. ఒక పీరియడ్ కేటాయించి చెబితే పోయే తప్పు అది!

ఇంకొకటి. ఎస్‌ఏ-1 సాధారణంగా అక్టోబరులో వస్తుంది. అప్పటికి పత్తి ఏరడం మొదలవుతుంది. కూలీలు దొరకని ఇళ్లలో పిల్లలే చేనుకు పోతారు. పరీక్షకు రాలేకపోయిన వాళ్లకు వారంలోపు మళ్లీ రాయించండి. దిద్దిన పేపర్లు పది రోజుల్లో ఇచ్చి, తప్పులు తరగతిలోనే చెప్పించేలా ఈసారి ఎస్‌ఏ-1 నుంచే ఆదేశాలివ్వండి.

ఇట్లు,
ఏడో తరగతి విద్యార్థిని తల్లి