మూడు నంబర్లకూ ఒకే ఫోను మోగడంపై ఫిర్యాదు

సిప్ ట్రంక్ సేవల విభాగాధికారి గారికి,

విషయం: ఇన్‌కమింగ్ కాల్స్‌లో డయల్ చేసిన నంబరు సరిగా అందకపోవడం

అయ్యా,

మీ సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీదుగా ఫోన్ కాల్స్ అందించే లైను) మీద మూడు నంబర్లు తీసుకున్నాను: అమ్మకాలకు ఒకటి, మరమ్మతులకు ఒకటి, లెక్కలకు ఒకటి. మా సొంత సర్వర్‌లోని ఆస్టెరిస్క్ అనే ఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్, ఏ నంబరుకు కాల్ వచ్చిందో చూసి ఆ విభాగం ఫోను మోగిస్తుంది. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. గత సోమవారం నుంచి అన్నీ అమ్మకాల బల్ల మీదే మోగుతున్నాయి. బిల్లులో తప్పుందని ఫోన్ చేసినవారికి కొత్త సరుకు ధరలు వినిపిస్తున్నాయి!

లోపం మా సర్వర్‌లోనే ఉందని, రీస్టార్ట్ చేయమని మీ సహాయ విభాగం మూడుసార్లు ఒకే జవాబు పంపింది. మూడుసార్లూ చేశాను. మళ్లీ అదే ఫోను మోగింది.

చివరికి సిప్ లాగ్ (కాల్ సందేశాల నమోదు) తీసి చదివాను. మీరు పంపే ఇన్వైట్ (కాల్ మొదలుపెట్టే సందేశం) మొదటి పంక్తిలో ఇదివరకు డయల్ చేసిన నంబరు ఉండేది. ఇప్పుడు అక్కడ మా ఖాతా పేరు ఉంది. నంబరు అదే సందేశంలో 'ఎవరికి' అని చెప్పే 'టు' హెడర్‌లో మాత్రమే మిగిలింది. అదీ ఒక కాల్‌లో ప్లస్ గుర్తుతో, మరో కాల్‌లో అది లేకుండా. ఆస్టెరిస్క్ తన డయల్‌ప్లాన్‌లో (ఏ కాల్ ఎక్కడికి వెళ్లాలో రాసిన నియమాల్లో) వెతికేది మొదటి పంక్తిలో ఉన్నదాన్నే. దేనికీ సరిపోని కాల్స్ అమ్మకాలకు వెళ్లేలా నేను ముందే రాసుకోబట్టి సరిపోయింది, లేకుంటే ప్రతి కాల్‌కూ 404 (నంబరు దొరకలేదు) జవాబు వెళ్లి తెగిపోయేది.

మా సర్వర్ తన ఖాతా పేరుతో మీ దగ్గర రిజిస్టర్ చేసుకున్న కాంటాక్ట్ చిరునామాకే కాల్ పంపడం ఆర్‌ఎఫ్‌సీ 3261 అనే సిప్ ప్రమాణం ప్రకారం సరైనదేనని మీరు అనవచ్చు. కాదనను. కానీ ఒకే రిజిస్ట్రేషన్ మీద అనేక నంబర్లు నడిపే పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 6140 రూపంలో 2011లోనే వచ్చింది. పైగా, మార్చేముందు ఒక ఈమెయిల్ పంపడానికి ఏ ప్రమాణమూ అడ్డురాదు.

ప్రస్తుతానికి 'టు' హెడర్ చదివి, ప్లస్ తీసేసి కాల్స్‌ను మళ్లిస్తున్నాను. ఎవరైనా వేరే నంబరు నుంచి మాకు ఫార్వర్డ్ చేస్తే అందులో ఆ పాత నంబరే ఉండిపోవచ్చు కనుక దీన్ని నమ్ముకోలేను. డయల్ చేసిన నంబరును మొదటి పంక్తిలో, ఎప్పుడూ ఒకే రూపంలో పంపండి. ఆ రూపమేమిటో రాతపూర్వకంగా తెలపండి.

కాల్ వేళలతో సహా లాగ్ జతచేశాను. దాన్ని చదవగల ఇంజనీరుకు ఈ లేఖ అందించండి. రీస్టార్ట్ సలహా నాలుగోసారి వద్దు.

ఇట్లు,
మీ ఖాతాదారు