ఆ రిజిస్టర్లు చెదలు పట్టకముందే

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో అప్పుడప్పుడూ ఒక ఫొటో వస్తుంటుంది. కలెక్టర్ గారు శిశుగృహ బిడ్డను ఒక జంట చేతుల్లో పెడుతుంటారు. బిడ్డ ముఖం కనపడకుండా వేస్తారు, అది మంచి పని. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టు బదులు కలెక్టర్లే ఇస్తున్నారు కదా. ఆ ఫొటో చూసినప్పుడల్లా, ఈ బిడ్డ కాగితాలు ఏ బీరువాలో పడేశారో అనిపిస్తుంది.

నేనూ అలా వచ్చిన పిల్లనే. ఈ సంగతి అమ్మ ఎన్నడూ దాచలేదు. ఒక ఉగాదికి ఓళిగలు చేస్తూ మామూలు కబురులా చెప్పేసింది. నా దగ్గరున్నదల్లా ఒక చీటీ. 'ఆడ, సుమారు మూడు నెలలు, బస్టాండు, పసుపు గౌను.' ఏ బస్టాండో రాయలేదు. మా నాన్న ఆర్టీసీ కండక్టర్. "టికెట్టు మీదైనా ఎక్కిన స్టేజీ ఉంటుంది కదమ్మా" అని ఇప్పటికీ నొచ్చుకుంటాడు.

బీఎడ్ అయ్యాక దక్షిణ కొరియాలో రెండేళ్లు ఇంగ్లీషు చెప్పాను. నాతో పనిచేసిన అమెరికా టీచరమ్మ చూడ్డానికి అచ్చం కొరియా మనిషే, కొరియన్ మాత్రం నాలాగే అంతంత మాత్రం. పసిబిడ్డగా దత్తత పోయి, కన్నవాళ్లను వెతుక్కుంటూ టీచరుగా తిరిగొచ్చింది. 1950ల నుంచి ఆ దేశం దాదాపు 2 లక్షల మంది పిల్లల్ని విదేశాలకు దత్తతిచ్చింది. కన్నవాళ్లు బతికుండగానే వాళ్లలో కొందరిని అనాథలని రాసేశారని 2025 మార్చిలో అక్కడి సత్యశోధన కమిషనే తేల్చింది. ఆమెకు తోడుగా పోలీస్ స్టేషనుకు వెళ్లాను. డీఎన్ఏ కోసం బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి, కవర్లో పెట్టి అంటించారు. ఐదు నిమిషాల పని. బయటికొచ్చాక ఆమె చాలాసేపు నాలుకతో ఆ బుగ్గనే తడుముకుంటూ నడిచింది.

తిరిగొచ్చాక, బడి అయిపోయిన వేళల్లో నాలాంటి వాళ్లకు అర్జీలు రాసిపెడుతున్నాను. 2022 దత్తత నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండినవాళ్లు తమ మూలాల గురించి సొంతంగా అడగొచ్చు. కన్నవాళ్లు పేరు బయటపెట్టొద్దంటే చెప్పరు, అది న్యాయమే. సరే, నేనే ముందు అడుగుదామని నన్నుంచిన సంస్థకు వెళ్లాను. కుర్చీ వేసి, టీ ఇచ్చి, "ఆ ఏడాది రిజిస్టర్ చెదలు తినేసిందమ్మా" అన్నారు. అంత మర్యాదగా చెబితే కోపం ఎవరి మీద తెచ్చుకోవాలి?

భూమి రికార్డుల 'మీభూమి' వెబ్‌సైట్లో సెంటు పొలం ఎవరిదో ఫోన్లోనే కనపడుతోంది. అనంతపురం, కర్నూలు, కడపల్లోని శిశుగృహాలు, పాత అనాథాశ్రమాల అడ్మిషన్ రిజిస్టర్లను స్కాన్ చేయించడం అంతకంటే పెద్ద పనా? అధికారులు ఈ ఎండాకాలమే మొదలుపెట్టాలి, వానలొస్తే పాత గదులు కారతాయి. ఇకమీదట ఆ ఫొటో తీయడానికి వెళ్లే మీ విలేకరి, బిడ్డ ఫైల్ ఎక్కడ పెట్టారని కూడా ఒక మాట అడిగితే బాగుంటుంది.

– ఒక టీచర్, అనంతపురం