అంకెతో పాటు ఎక్కడ కొలిచారో కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ సిటీ పేజీలో రోజూ ఎండ, వాన వివరాల పక్కనే గాలి నాణ్యత సూచీ అని ఒక అంకె వేస్తున్నారు, అది పెరిగే కొద్దీ గాలి చెడినట్టు లెక్క. మంచి పనే, ఆపొద్దు. కానీ ఆ అంకె ఊళ్లో ఎక్కడెక్కడ కొలిస్తే వచ్చిందో ఒక్కరోజు కూడా చెప్పలేదు. పైగా దీపావళి మర్నాడు హైదరాబాద్ మొత్తానికి ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగులు పూసి అర పేజీ మ్యాపు వేశారు. అది చూశాక ఉండబట్టలేక రాస్తున్నాను. నా ఉద్యోగ జీవితంలో సగం మ్యాపులు గీయడంలో గడిచింది, తర్వాతి సగం గాలి కొలవడంలో గడిచింది, అందుకే ఆ రంగుల్లో ఏది కొలత, ఏది ఊహ అన్నది మొదటి చూపులోనే నా కంటికి తగిలింది.

నేను పని నేర్చుకున్నది ఉప్పల్‌లో, సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థలో. మూడు కాళ్ల బల్ల మీద కాగితం బిగించి, పొలాల మధ్య నిలబడి, కంటికి కనిపించే కొండనో గుడి గోపురాన్నో పట్టుకుని మనం ఎక్కడున్నామో కాగితం మీద తేల్చుకోవడంతో పాఠాలు మొదలయ్యేవి. అక్కడ మా బుర్రలోకి ఎక్కించిన మొదటి నియమం, కొలవని చోట కొలిచినట్టు గీత గీయకూడదు. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసే గీతను కాంటూరు అంటాం, ఎత్తు కచ్చితంగా తెలిస్తే అది నిండు గీత, ఉజ్జాయింపుగా తెలిస్తే తెగిన గీత. సర్వే జరగని ప్రాంతాన్ని పాత షీట్లలో తెల్లగా వదిలేసి, సర్వే కాలేదని దాని మీదే రాసేవారు. ఏ షీటు తీసుకున్నా అంచున ఏ సంవత్సరం సర్వే చేశారో, దేని ఆధారంగా కూర్చారో ఉంటుంది. చెరువు కట్ట పక్కన 5ఆర్ అని చిన్న అక్షరాల్లో ఉంటే ఆ కట్ట చుట్టుపక్కల నేల కంటే అయిదు మీటర్లు ఎత్తు అని అర్థం, అంటే ఒక మామూలు చెరువు కట్టకు కూడా అంత లెక్క ఉండేది. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే నుంచి వచ్చిన అలవాటు ఇది, మ్యాపును నమ్మి రోడ్డు వేసేవాడు, కాలువ తవ్వేవాడు మోసపోకూడదని.

కంప్యూటర్లు వచ్చి డ్రాయింగ్ బల్లలు మూలపడ్డాక నేను జీఐఎస్, అంటే కంప్యూటర్‌లో మ్యాపులు చేసే పని వైపు వెళ్లాను, అక్కణ్నుంచి ధూళి లెక్కలతో మ్యాపు చేసిపెట్టమని ఒక పరిశోధన బృందం పిలిస్తే గాలి వైపు వచ్చాను. వాళ్లిచ్చిన పట్టికలో అంకెలున్నాయి గానీ ఆ యంత్రాలు సరిగ్గా ఎక్కడున్నాయో లేదు. నేను ముందు అవి చూపించమన్నాను, మేడలెక్కాను. అప్పట్లో వాడేది హోరుమని శబ్దం చేసే శాంప్లర్. రాత్రంతా మోగుతుంటే కింద అద్దెకున్నవాళ్లు గొడవ పెట్టుకునేవారు. అందులో తెల్లటి గాజు పీచు కాగితం పెడతాం, ముందు తేమ లేకుండా ఆరబెట్టి తూస్తాం, గాలి లాగించాక మళ్లీ ఆరబెట్టి తూస్తాం. పెరిగిన బరువే ధూళి. బస్సు డిపో దగ్గర పెట్టిన కాగితం బొగ్గు పూసినట్టు వచ్చేది, బిల్డింగు కడుతున్న చోట పెట్టింది ఎర్రమట్టి రంగులో వచ్చేది. రెండింటి బరువు ఒకటే కావచ్చు, కానీ ఊపిరితిత్తుల్లోకి పోయేది ఒకటి కాదు. యంత్రం నోరు నేలకు 3 నుంచి 10 మీటర్ల ఎత్తులో ఉండాలని, చెట్లకు దూరంగా ఉండాలని నియమాలున్నాయి, అవి ఎందుకున్నాయో అలా మేడలెక్కి దిగితే గానీ అర్థం కాదు.

ఇప్పుడు మీరు వేసే అంకె సంగతి చెప్తాను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి రోజూ సాయంత్రం 4 గంటలకు ఒక బులెటిన్ ఇస్తుంది. అందులో ఊరి పేరు, సూచీ, ప్రధాన కాలుష్య కారకంతో పాటు ఆ సూచీ ఎన్ని కేంద్రాల ఆధారంగా వచ్చిందో చెప్పే గడి ఒకటి ఉంటుంది. పత్రికలు మొదట వదిలేసేది ఆ గడినే. నా ఉద్దేశంలో ఆ వరుసలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఎందుకంటే ఊరి సూచీ అంటే కేంద్రాల సగటు. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక కేంద్రం ఉంది, పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ పొలాల్లో ఒకటుంది, సోమాజిగూడ, సనత్‌నగర్, జూపార్క్, మలక్‌పేట, నాచారం, పాశమైలారం, బొల్లారం లాంటి చోట్ల ఉన్నాయి. పారిశ్రామికవాడ కేంద్రాల్లో రెండు రిపేరుకొచ్చి ఆరోజు లెక్కలోకి రాలేదనుకోండి, చెట్ల మధ్య ఉన్నవి మాత్రం నడుస్తున్నాయనుకోండి, ఒక్క చిమ్నీ ఆగకుండానే ఊరి గాలి బాగుపడినట్టు అంకె తగ్గుతుంది. మర్నాడు మనం "నగరంలో తగ్గిన కాలుష్యం" అని హెడ్డింగ్ పెట్టుకుంటాం.

మా ఇల్లు ఉప్పల్ దాటాక, వరంగల్ రోడ్డు మీద. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ పని 2018లో మొదలైంది. పీర్జాదిగూడ, బోడుప్పల్, మేడిపల్లి వాళ్లను అడిగితే చెప్తారు ఆ రోడ్డు మీద ఎన్నేళ్లు ఎంత దుమ్ము తిన్నారో. రోడ్డు పక్క టిఫిన్ బండివాళ్లు ఇడ్లీ గిన్నెల మీద తడిగుడ్డ కప్పి అమ్మేవారు. మా వీధిలో ఒకావిడ, కొడుక్కి పిల్లికూతల ఆయాసం, ఫోన్‌లో యాప్ తీసి "అంకుల్, మన ఏరియా పచ్చగానే చూపిస్తోంది, వాణ్ని స్కూలుకు బండి మీద తీసుకెళ్లొచ్చు కదా" అని అడిగింది. ఆ పచ్చరంగుకు ఆధారం ఆ రోడ్డు మీద కొలత కాదు. దగ్గర్లో గంటగంటకూ కొలిచే కేంద్రం ఉన్నది నాచారంలో. మనుషులు వెళ్లి కాగితం పెట్టి తూచే మాన్యువల్ కేంద్రాలు ఉప్పల్, బాలానగర్, ప్యారడైజ్, చార్మినార్ లాంటి చోట్ల ఉన్నాయి గానీ వాటిలో కొలిచేది వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 సార్లు. ఆ ఫలితాలు యాప్‌లోకి వెంటనే రావు. నాచారంలో వచ్చిన అంకెను, ఇంకాస్త దూరంలో మరో కేంద్రం అంకెను తీసుకుని, దూరాన్ని బట్టి ఎక్కువ తక్కువలు వేసి, మధ్యలో ఉన్న బస్తీలన్నిటికీ సాఫ్ట్‌వేర్ రంగు పులిమేసింది. నేల ఎత్తులకు ఆ పద్ధతి పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ కొలిచిన బిందువులు దగ్గరదగ్గరగా వందల కొద్దీ ఉంటాయి, నేల రేపటికి మారిపోదు. రోడ్డు దుమ్ము అలా కాదు, రెండు మూడు వందల మీటర్లు లోపలికెళ్తే పరిస్థితి మారిపోతుంది, రాత్రి తొమ్మిదికి ఒకలా మధ్యాహ్నం మూడింటికి ఒకలా ఉంటుంది. ఆవిడకు చెప్పాను, రంగు చూడకమ్మా, రోడ్డు చూడు, లోపలి వీధుల్లోంచి తీసుకెళ్లు, మాస్కు పెట్టు అని.

శాటిలైట్ ఉంది కదా, అది ఊరంతా చూస్తుంది కదా అంటారు. చూస్తుంది, నేను ఆ డేటాతో ఏళ్ల తరబడి పనిచేశాను, అది లేకపోతే ఊళ్లకు దూరంగా ఉన్న పల్లెల గాలి గురించి మనకు ఏమీ తెలిసేది కాదు. కానీ టెర్రా, ఆక్వా లాంటి ఉపగ్రహాలు కొలిచేది నేల నుంచి ఆకాశం దాకా ఉన్న మొత్తం గాలిలో ధూళి కాంతిని ఎంత అడ్డుకుంటోందన్నది. మనం పీల్చేది అడుగున ఉన్న గాలి. టెర్రా పొద్దున పదిన్నర ప్రాంతంలో, ఆక్వా మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో మన మీదుగా వెళ్లేలా పంపినవి, మబ్బు పడితే వాటికి నేల కనిపించదు. డిసెంబరు రాత్రిళ్లు గాలి స్తంభించి మూసీ పల్లంలో పొగ నిలిచిపోయే సమయం వాటికి అందదు. ఇప్పుడు మార్కెట్లో దొరికే చవక సెన్సర్లు కూడా మంచివే, కానీ తేమ ఎక్కువైతే ధూళి రేణువులు నీటితో ఉబ్బి అంకె పెంచేస్తాయి. వాటిని ముందు ఒక ప్రామాణిక యంత్రం పక్కన పెట్టి సరిచూసుకోవాలి.

మ్యాపు చదవడం వస్తే గాలి గురించి ఎంత తెలుస్తుందో విశాఖ టోపోషీటు, అంటే ఎత్తుపల్లాలు చూపే సర్వే మ్యాపు, చూస్తే చాలు. ఒకవైపు యారాడ కొండ, మరోవైపు కైలాసగిరి, సింహాచలం కొండలు, మధ్యలో గిన్నెలాంటి పల్లం, ఆ పల్లంలోనే పోర్టు, రిఫైనరీ, వన్‌టౌన్ అనే పాత ఊరు. కాంటూర్లు చూసినవాడికి ఒక్క అంకె కూడా లేకుండానే అర్థమవుతుంది, అక్కడ పొగ పుడితే త్వరగా పోదని. వన్‌టౌన్‌లో ఆరేసిన బట్టలకు నల్లటి పొడి అంటుతోందని ఆడవాళ్లు ఎన్నేళ్లుగానో మొత్తుకుంటున్నారు. ఒక కేంద్రంలో వచ్చిన అంకె బీచ్ రోడ్డుకూ వన్‌టౌన్‌కూ ఒకేలా ఎలా సరిపోతుంది? 2020 మే 7 తెల్లవారుజామున అదే విశాఖలో ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషపు రసాయన ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. మన గాలి నాణ్యత సూచీ లెక్కలో ఉన్నవి ఎనిమిది కాలుష్య కారకాలు, వాటిలో స్టైరీన్ లేదు. ఫ్యాక్టరీలున్న ఊళ్లో సూచీ పచ్చగా ఉందంటే ఆ ఎనిమిదిలో అక్కడ కొలిచినవి బాగున్నాయని మాత్రమే, అన్నీ బాగున్నాయని కాదు. ఇది కూడా పాఠకుడికి తెలియాలి.

ఇంకో మాట. మన దగ్గర పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోతుకు పోయే అతి సన్నని ధూళి, రోజు సగటున ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాముల దాకా "సంతృప్తికరం" కిందే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో రోజుకు సూచించిన హద్దు 15. మన ప్రమాణం 2009 నాటిది. ఉబ్బసం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఆ పదాన్ని చూసి ధైర్యం తెచ్చుకుంటున్నారు కాబట్టి అంకె పక్కన ఈ తేడా కూడా అప్పుడప్పుడైనా వేయండి.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో పని కాదు. రోజువారీ అంకె కింద, ఎన్ని కేంద్రాల్లో ఎన్ని ఆరోజు పనిచేశాయో ఒక్క ముక్క వేయండి. వీలైతే అత్యధికం ఎక్కడ, అత్యల్పం ఎక్కడ అని రెండు పేర్లు కలపండి. మ్యాపు వేసినప్పుడు రంగులు పులమకుండా కేంద్రాలున్న చోట చుక్కలు పెట్టి, చుక్క పక్కన అంకె వేయండి, మిగతాదంతా తెల్లగా వదిలేసి కింద "ఇక్కడ కొలతలు లేవు" అని రాయండి. ఆ తెలుపు చూశాక మాకూ ఒక కేంద్రం పెట్టండని బోడుప్పల్ వాళ్లు అడుగుతారు, వన్‌టౌన్ వాళ్లు అడుగుతారు. రంగు పూస్తే అడగరు. జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం 2019లో మొదలైంది, హైదరాబాద్, పటాన్‌చెరు, నల్లగొండ, విజయవాడ, విశాఖ అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి, డబ్బు వస్తోంది. ఆ డబ్బుతో తర్వాతి కేంద్రం ఎక్కడ పెట్టాలన్నది ఖాళీ స్థలం ఏ ఆఫీసు మేడ మీద దొరికిందన్నదాన్ని బట్టి కాకుండా, జనం ఎక్కడున్నారు, కొలత ఎక్కడ లేదు అన్నదాన్ని బట్టి తేలాలి. అందుకు సర్వే, జీఐఎస్ చదివిన పిల్లల్ని కాలుష్య మండళ్లు తీసుకోవాలి. అలాంటి పిల్లలు మన కాలేజీల్లో బోలెడుమంది ఉద్యోగాల్లేక తిరుగుతున్నారు.

మీ డెస్క్ మిత్రులకు ఖాళీ మ్యాపు కావాలంటే వార్డుల హద్దులు, కేంద్రాల చుక్కలతో నేను గీసిస్తాను, దానికి ఏమీ ఇవ్వక్కర్లేదు. బులెటిన్ చూసి సాయంత్రం అయిదింటికల్లా అంకెలు నింపుకోవచ్చు.

ఇట్లు,
సర్వే శాఖలో పనిచేసిన ఒక పాఠకుడు,
ఉప్పల్, హైదరాబాద్