మా అంగడి ధరల గురించి, పోయిన నెల జరిగిన తప్పు గురించి

తిరుపతి బైరాగిపట్టెడలో మా కూరగాయల అంగడికి వచ్చే అక్కలకు, అన్నలకు నమస్కారం.

ముందు తప్పు ఒప్పుకుంటాను. పోయిన నెల వానలకు చంద్రగిరి, పాకాల పక్క తోటల్లో టమోటా పగిలిపోయింది, వంకాయ పుచ్చిపోయింది. ఎనిమిది రోజులు హోల్‌సేల్ మార్కెట్ సరుకే అమ్మాం. అంగడి ముందు 'మన రైతుల కూరగాయలు' అన్న బోర్డు మాత్రం తీయలేదు. ఒక అక్క టమోటా నొక్కి చూసి, "ఇది మన పక్క కాయ కాదే" అంది. ఆమెకు జవాబు చెప్పలేకపోయాను. ఇకమీదట ఏ గంపలో సరుకు ఏ ఊరిదో పలక మీద రాసి ఆ గంపలోనే పెడతాం. బయట సరుకైతే బయటిదనే రాస్తాం.

ఇక ధర. "రైతు దగ్గర నేరుగా కొంటున్నారు కదా, మార్కెట్ కంటే అయిదు రూపాయలు ఎక్కువెందుకు?" అని చాలామంది అడుగుతున్నారు. 2023 జులై ఆఖర్లో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో 200 రూపాయల దాకా పోయింది. సెప్టెంబరు దాటకముందే కోత కూలి కూడా రాని ధరకు పడిపోయింది. ముందు మనం బాధపడ్డాం, తర్వాత రైతు బాధపడ్డాడు. అందుకే మాకు సరుకిచ్చే పదకొండు మందితో నారు నాటేటప్పుడే ధర మాట్లాడుకుంటున్నాం. మార్కెట్ పడినా మేం అదే ఇస్తాం, పెరిగినా వాళ్లు అదే తీసుకుంటారు. ఒకాయన మాత్రం ధర పెరగ్గానే సరుకంతా లారీకి వేసేశాడు. చాలా కోపం వచ్చింది. ఇంటికి వెళ్లి అడిగితే కూతురి కాలేజీ ఫీజు అన్నాడు. ఈసారి ఆయనకు కొంత డబ్బు ముందే ఇచ్చాం.

1999లో రైతు బజార్లు వచ్చినప్పుడు మా నాయనలాంటి వాళ్లకు పెద్ద ఊరట. కానీ అరెకరంలో ఆకుకూర వేసిన మనిషి రోజంతా బజార్లో కూర్చుంటే తోటకు నీళ్లు ఎవరు కడతారు? వాళ్లకు కావాల్సింది రోజూ ఇంత కొంటామనే మాట. తిరుపతిలో హోటళ్లు, హాస్టళ్లు, కల్యాణ మండపాలు ఎన్ని లేవు! స్వామి నైవేద్యానికే టీటీడీ ప్రకృతి వ్యవసాయ సరుకులు తీసుకున్నప్పుడు, మన మెస్‌లు వారానికి రెండు రోజులైనా చుట్టుపక్కల పంట వండలేవా? మేం రెండు హాస్టళ్లతో మొదలుపెట్టాం. రోజుకు నలభై కిలోలు పోతోంది, వృథా బాగా తగ్గింది. నగరపాలక సంస్థ వార్డుకొక చోట తెల్లవారుజామున మూడు గంటలసేపు నీడ, నీళ్ల కుళాయి ఉన్న జాగా ఇస్తే ఇంకా ఎంతో మంది రైతులు వస్తారు. ఈ మాట అర్జీలో రాసి ఇచ్చాం కూడా.

అనపకాయల కాలం వస్తోంది. గింజలు రాత్రి నానబెట్టి పొద్దున్నే తొక్క ఊడేలా వేళ్లతో పితకడం ఎంత పనో మీకు తెలుసు. మా వీధిలోని నలుగురు అక్కలు ఆ పని చేస్తామన్నారు. కిలోకింత అని కూలి వాళ్లకే పోతుంది, అందుకే పితికిపప్పు ధరలో అది విడిగా రాశాం. నిల్వ ఉండే సరుకు కాదు కాబట్టి ముందురోజు రాత్రి ఎనిమిదిలోపు ఎంత కావాలో చెప్పండి. చెప్పినంతే పితుకుతారు.