మా ఊరి క్యాన్సర్ క్యాంపుకు సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

నర్సంపేట దగ్గర మా ఊళ్లో మొన్న మహిళా సంఘాల తరఫున క్యాన్సర్ అవగాహన, పరీక్షల క్యాంపు పెట్టుకున్నాం. అది జరిగేలా చూసినవాళ్లకు నలుగురిలో దండం పెట్టాలని ఈ మాటలు రాస్తున్నాను.

మొదటి దండం మా ఆశా అక్కకు. 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లున్న ప్రతి గడపా తొక్కింది. పొద్దున్నే మిర్చి ఏరడానికి ఆటోలెక్కి పోయేవాళ్లను చేన్ల దగ్గరికే పోయి కలిసింది. "నాకేం రోగం ఉన్నదని రావాలె" అన్నవాళ్లకు ఆమె చెప్పిన జవాబు ఒక్కటే: "ఏం లేనప్పుడే రావాలె చిన్నమ్మా. నొప్పి లేసినంక వస్తే పట్నం పోవుడే అయితది." ఎన్ని పోస్టర్లు అంటించినా ఆ మాటకు సాటి రావు.

మన దేశంలో ఆడవాళ్లకు ఎక్కువగా వచ్చేవి రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. నోటి క్యాన్సర్ ఆడవాళ్లకూ మగవాళ్లకూ వస్తుంది. ఈ మూడింటినీ పెద్ద మిషన్లు లేకుండానే మొదట్లో అనుమానించవచ్చని మాకు అర్థమయ్యేలా చెప్పింది పీహెచ్‌సీ డాక్టరమ్మ. ఆమె మైకు వద్దన్నది. అంగన్‌వాడీలో తలుపు దగ్గరికి వేయించి, మా మధ్యనే చాప మీద కూర్చుంది. గోధుమపిండి ముద్దలో చింతగింజ దాచి ఒక్కొక్కరి చేతికీ ఇచ్చింది. "వేళ్ల కొసలతో గుచ్చొద్దు. మూడు వేళ్లు ఆనించి, మెల్లగా గుండ్రంగా తిప్పుతూ తడమండి" అన్నది. గింజ వేలికి తగిలినప్పుడు ఒక్కొక్కరి మొహం మారిపోయింది. రొమ్ములో గడ్డ అట్లాగే తగలొచ్చట, చాలాసార్లు నొప్పే ఉండదట. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దని గట్టిగా చెప్పింది. చర్మం సొట్టపడినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, రక్తం కారినా చూపించుకోవాలి. గడ్డ అనగానే క్యాన్సర్ కాదని కూడా చెప్పింది. ఆ మాట కూడా అవసరమే, ఎందుకంటే మావాళ్లు సగం మంది భయంతోనే దవాఖానకు పోరు.

ఏఎన్‌ఎం మేడమ్‌కు, స్టాఫ్ నర్సుకు ప్రత్యేకంగా చెప్పాలి. సబ్‌సెంటర్‌లో అడ్డుతెర కట్టి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, ఏం చేయబోతున్నారో ముందే చెప్పి చేశారు. గర్భాశయ ముఖద్వారం మీద పలచటి ఎసిటిక్ యాసిడ్ దూదితో అద్ది ఒక నిమిషం ఆగుతారు, తెల్లమచ్చ తేలితే పెద్ద దవాఖానకు రాస్తారు. అంతే పరీక్ష. 5 ఏళ్లకోసారి చేయించుకోవాలన్నారు. ఈ క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్సే కారణమని, 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకా ఉందని చెబితే తల్లులు చాలా ప్రశ్నలు అడిగారు. అన్నింటికీ ఓపిగ్గా జవాబిచ్చారు.

ఇక మా ఇంటి సంగతి. మా అత్తమ్మకు బుగ్గన జర్దా లేనిదే పొద్దుపోదు. ఆశా అక్క టార్చి వేసి నోరు చూసి, ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ ఉందని డాక్టరమ్మను పిలిచింది. గీకితే పోని మచ్చ అది. వరంగల్ ఎంజీఎం దవాఖానకు రాసిచ్చారు. ముక్క తీసి పరీక్షకు పంపాలనగానే అత్తమ్మ భయపడింది. కత్తి పెడితే రోగం పాకుతుందని మన దగ్గర గట్టి నమ్మకం కదా. అక్కడి డాక్టరు గారు విసుక్కోలేదు. ముక్క తీస్తే పాకదని, తీయకపోతే ఏ మందు ఇవ్వాలో తెలియదని ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. క్యాన్సర్ కాదు. కానీ జర్దా మానకపోతే కావచ్చట. అత్తమ్మ మానేసింది, మళ్లీ చూపించుకోవడానికి పోతున్నది. ఆ డాక్టరు గారికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. గుట్కా, జర్దా, బీడీ మానాలనుకునేవాళ్లు 1800-11-2356కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. నోట్లో పుండు రెండు మూడు వారాలకు మానకపోయినా, నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకోకపోయినా ఆలస్యం చేయొద్దు.

మా ఊరి అక్క ఒకామెను హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానకు పంపారు. ఆరోగ్యశ్రీ కింద చికిత్స నడుస్తున్నది. ఆమె ఎవరని దయచేసి ఆరా తీయకండి. ఒకవేళ తెలిసినా ఆమె ఇంట్లో మంచినీళ్లు తాగండి, ఆమె పక్కన కూర్చోండి. క్యాన్సర్ అంటుకునేది కాదు.

టెంట్, కుర్చీలకు కిరాయి తీసుకోని అన్నకు, ముసలివాళ్లను పైసలు అడగకుండా తెచ్చి దింపిన ఆటో తమ్ముళ్లకు, గదులిచ్చిన అంగన్‌వాడీ టీచరుకు, మధ్యాహ్నం వండిపెట్టిన సంఘం అక్కలకు ధన్యవాదాలు. మిర్చి జోరుగా నడిచే రోజుల్లో కూలి పోగొట్టుకుని మరీ వచ్చిన ఆడబిడ్డలందరికీ శనార్థులు. రాలేకపోయినవాళ్లకు సబ్‌సెంటర్‌లోనే పరీక్ష చేస్తామని ఏఎన్‌ఎం మేడమ్ మాటిచ్చారు, ఆశా అక్కకు పేరు చెబితే ఏ రోజు రావాలో చెబుతుంది.