వార్షిక నివేదిక: లెక్కకు రాని కష్టం

సభ్యులందరికీ నమస్కారం.

ఒడిశాలోని మన బరంపురం అనగానే పట్టుచీర, అప్పడం, పచ్చడి గుర్తొస్తాయి. మూడింటిలోనూ ఆడవాళ్ళ చేయి ఉంది. అయినా మన ఇళ్ళలో నేత మగవాడి వృత్తి, అప్పడాలు ఆడవాళ్ళ తీరిక వేళ పని అంటాం. ఆ మాట వల్ల మన కుటుంబాలకు డబ్బు నష్టం జరుగుతోంది. అందుకే ఈ ఏడాది సంఘం ఎక్కువగా ఆ అలవాటు మీదే పనిచేసింది.

ముందు అప్పడాల సంగతి. కిలో మినపపిండికి సుమారు 75 గ్రాముల ఉప్పు, 10 గ్రాముల అప్పడాల సోడా, మిరియాలు, జీలకర్ర, ఇంగువ. ఆరాక ఒక్కోటి పది గ్రాములుండేలా వత్తితే 110 దాకా వస్తాయి. నిమిషానికొకటి వత్తినా దాదాపు రెండు గంటలు. పిండి కలిపి దంచడం, ఉండలు కోయడం, ఆరబెట్టి తీయడం కలిస్తే మూడు గంటలు దాటుతుంది. గంటకు 50 రూపాయలు వేసుకున్నా కిలోకు 150 రూపాయల కూలి. మనవాళ్ళ లెక్కల్లో పప్పు, ఉప్పు, నూనె ఖర్చు ఉంటుంది గాని ఈ 150 ఎక్కడా ఉండదు. "ఇంట్లో ఉండి చేసిందే కదా" అని ధర తగ్గించి ఇచ్చేస్తాం. ఆ తగ్గింపు మిగిలేది కొనుక్కుపోయే వ్యాపారికి.

అందుకని నాలుగు గడుల లెక్కపుస్తకం పెట్టించాం: సరుకు, కూలి, పొయ్యి–ప్యాకింగు, పాడైనది. నాలుగో గడి రాయడానికి చాలామంది ఒప్పుకోరు, అసలు పాఠం అందులోనే ఉంది. సోడా ఎక్కువైతే వేయించినప్పుడు అప్పడం ఎర్రబడి చేదెక్కుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే అంచులు ముందే ఎండి పగులుతాయి. సముద్రపు గాలి తగిలే ఊరు మనది, సరిగా ఆరకుండా కవరులో వేస్తే బూజు ఖాయం. బూజు పట్టినవి పారేసినా, పగిలినవి ఇంట్లో కూరలోకి వాడేసినా సరే, పుస్తకంలో ఎక్కాలి. లేకపోతే ఏ తప్పుకు ఎంత పోయిందో ఎన్నటికీ తెలియదు.

ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉంటే ఆహార భద్రతా సంస్థ దగ్గర ప్రాథమిక రిజిస్ట్రేషన్ చాలు, రుసుము ఏడాదికి 100 రూపాయలు. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ నమోదు ఉచితం. ఇవి ఎవరి పేరున తీసుకోవాలన్నదే చిక్కు. దుకాణం భర్తది కాబట్టి ఆయన పేరునే తీసుకుంటున్నారు. దాంతో బ్యాంకులో అప్పు తీర్చిన చరిత్ర కూడా ఆయనదే అవుతుంది, వత్తే చేతికి ఏమీ మిగలదు. పని చేసే మనిషి పేరునే దరఖాస్తు చేయమని గట్టిగా చెబుతున్నాం.

ఎక్కువ సమయం తిన్నది పేర్ల దిద్దుబాటు. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందొస్తుంది, ఒడియా కాగితాల్లో చివర రాస్తారు. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, బ్యాంకు పుస్తకంలో పూర్తిగా, రేషన్ కార్డులో అత్తవారి ఇంటిపేరు. ఒకే మనిషి ముగ్గురైపోతుంది. 2024లో ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళ కోసం మొదలుపెట్టిన సుభద్ర పథకం కింద అర్హురాలికి అయిదేళ్ళలో 50,000 రూపాయలు వస్తాయి, కాని ఆమె ఒక్కదాని పేరున, ఆధార్‌తో ముడిపడిన ఖాతా ఉండాలి. భర్తతో కలిపి తెరిచిన ఖాతా పనికిరాదు. ముందు ఆధార్ సరిచేయించి, ఆ ప్రకారం బ్యాంకు, ఆపైన రేషన్ కార్డు మార్చుకోవాలి. వరుస తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది.

నేతింటి మాట. నూలు కండెలు చుట్టేది, పడుగు (నిలువు పోగులు) అతికేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళే. కూలి మాత్రం చీరకింతని మగ్గం మీద కూర్చున్నవాడికే లెక్క. 2019–20 చేనేత గణనలో దేశంలో 35 లక్షల పైచిలుకు పనివారు తేలితే, అందులో నూటికి 72 మంది స్త్రీలు. మగ్గానికి ముందు చేసే పనులు కూడా పనివారి లెక్కలోకి వస్తాయి. చేనేత గుర్తింపు కార్డు అడగడానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

పెళ్ళి అప్పుల గురించి క్లుప్తంగా: నూటికి మూడు వడ్డీకి మూడు లక్షలు తెస్తే నెలకు 9,000, ఏడాదికి 1,08,000. అసలు కదలదు. ఆ తర్వాత పట్టునూలు కొనడానికి చేతిలో రూపాయి ఉండదు.

ఇక ఆస్తి. రెండేళ్ళకోసారి ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణిని ఆడపడుచుగా పుట్టింటికి తెచ్చుకునే ఊరు మనది. నేతవారి పెద్ద అయిన దేశీబెహరా, ఆయన భార్య ఆమెకు తల్లిదండ్రుల వరుస. కాని కన్నకూతురి విషయంలో "పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం" అంటాం. 2005 సెప్టెంబరు 9 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా. ఆనాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలను మాత్రం కదపలేం. వాటా కాగితం ఉన్న ఆడపిల్ల బ్యాంకులో తాకట్టు పెట్టి సొంతంగా పెట్టుబడి తెచ్చుకోగలదు. చిక్కు పడిన ఇళ్ళలో అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను కలిపి కూర్చోబెట్టి మాట్లాడుతున్నాం, కోర్టు దాకా వెళ్ళకముందే.

పేర్ల పని మిగిలినవారు ఆధార్, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు మూడింటి నకళ్ళతో సంఘం గదికి రండి. అసలు కాగితాలు కూడా వెంట తెచ్చుకోండి. మూడింటిలోనూ పుట్టిన తేదీ ఒకటే ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి.