లేహ్ వెళ్లే కుర్రాళ్లూ, మనాలి వైపు నుంచి ఎక్కకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో లద్దాఖ్ బైక్ యాత్ర మీద రెండు పేజీలు వేశారు. ఫొటోలు అదిరిపోయాయి, కాదనను. ఏ జాకెట్ కొనాలి, ఏ గ్లవ్స్ కొనాలి, హెల్మెట్ మీద కెమెరా ఎక్కడ బిగించాలి, అన్నీ రాశారు. రాత్రి పడుకునే చోటు ఎంత ఎత్తులో ఉండాలో మాత్రం ఒక్క ముక్క లేదు. పైగా మ్యాప్‌లో మొదటి రాత్రి మనాలి, రెండో రాత్రి సర్చు, మూడో రాత్రి లేహ్ అని బాణం గుర్తులు పెట్టి మరీ చూపించారు. మా వీధి కుర్రాళ్లు ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి, జూన్‌లో ఇదే మా ప్లాన్ అని రాసేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

మాది రాజమహేంద్రవరం. చిన్నప్పటి నుంచీ కలిసి తిరిగే స్నేహితుడొకడు ఉన్నాడు, టైర్ల షాపు వాడిది. ఇద్దరం విజయవాడలో బళ్లు రైలు పార్శిల్ వేసి (ట్యాంకులో చుక్క పెట్రోలు ఉన్నా తీసుకోరు, గడ్డీ గోనెపట్టా చుట్టేవాళ్లు పార్శిల్ ఆఫీసు బయటే ఉంటారు, బేరమాడాలి) ఢిల్లీలో దించుకుని, జమ్మూ, శ్రీనగర్ మీదుగా లేహ్ ఎక్కి, మనాలి వైపు దిగాం. ఈ వరస మాది కాదు, అక్కడ ఏళ్ల తరబడి తిరిగినవాళ్లంతా చెప్పేదే. మన దగ్గర మాత్రం ఎక్కువమంది దీన్ని తిరగేసి వెళ్తున్నారు. మనాలి అయితే తెలిసిన ఊరు, ఢిల్లీ నుంచి రాత్రికి రాత్రి బస్సు, అక్కడే బండి అద్దెకి దొరుకుతుంది, ఇంకేం కావాలి అని.

అసలు చిక్కంతా ఎత్తుతోనే. ఒక్కసారిగా పైకి పోతే పలచటి గాలికి ఒళ్లు అలవాటు పడక జబ్బు చేస్తుంది. లెక్క చూడండి. శ్రీనగర్ 1,600 మీటర్ల ఎత్తు. సోన్‌మార్గ్ 2,700 దాకా. జోజిలా కనుమ 3,528 మీటర్లే, దాటితే ద్రాస్, అక్కడి నుంచి కార్గిల్‌కి మళ్లీ 2,700 దగ్గరికి దిగిపోతాం. ఆ దారి మొత్తానికి ఎత్తయిన చోటు ఫోతు లా ('లా' అంటే అక్కడి భాషలో కనుమ), 4,108 మీటర్లు, అక్కడ ఫొటో దిగి టీ తాగి వెళ్లిపోతాం తప్ప పడుకోం. లేహ్ 3,500. అంటే ఒంటికి ఎక్కడికక్కడ కాస్త టైమ్ దొరుకుతుంది. ఇప్పుడు మీరు వేసిన దారి చూడండి. మనాలి 2,050 మీటర్లు, సర్చు 4,290. ఒక్క పగటిలో రెండు వేల రెండొందల మీటర్లు ఎక్కేసి అక్కడ నిద్రపోవాలి! 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదని డాక్టర్లు చెప్తారు. 2020 అక్టోబర్‌లో రోహ్తంగ్ కనుమ కిందుగా అటల్ టన్నెల్ తెరిచాక దారి 46 కిలోమీటర్లు తగ్గింది. మంచిదే, అవతల లాహౌల్ వాళ్లకి చలికాలంలో ప్రాణం లేచొచ్చింది. కానీ ఒకప్పుడు రోహ్తంగ్ బురదలో, ట్రాఫిక్‌లో పడి సాయంత్రానికి కేలాంగ్‌లోనే ఆగిపోయేవాళ్లు, ఇప్పుడు మధ్యాహ్నానికల్లా 'ఇంకా ఎండ ఉంది కదా, పోదాం' అని పైకి పోతున్నారు.

తిరుగు ప్రయాణంలో సర్చులో మేం దిగిన టెంట్ల దగ్గరే హైదరాబాద్ కుర్రాళ్ల గుంపొకటి ఉంది. పొద్దున మనాలిలో బయల్దేరి వచ్చేశారట. సాయంత్రం నవ్వుతూ, పాటలు పెట్టుకుని బ్రహ్మాండంగా ఉన్నారు. ఈ ఎత్తు జబ్బుతో చిక్కే అది, ఎక్కగానే తెలీదు, ఆరేడు గంటల తర్వాత, అందులోనూ నిద్రలో ఊపిరి నెమ్మదించాక పట్టుకుంటుంది. అర్ధరాత్రి దాటాక మా టెంటు జిప్పు లాగుతూ "అంకుల్, పారాసిటమాల్ ఉందా" అని ఒకడు వచ్చాడు. (అంకుల్ అన్నందుకు మావాడు ఇప్పటికీ ఏడుస్తుంటాడు.) వెళ్లి చూస్తే, రెండు దుప్పట్లు కప్పుకుని ఒక పిల్లాడు కూర్చున్నాడు, పడుకుంటే తల పగిలిపోతోందట. తిన్న మ్యాగీ అంతా కక్కేశాడు. పక్కన ఖాళీ అయిపోయిన ఆక్సిజన్ డబ్బా. చలికి మంచిదని ఎవరో చెప్తే కాస్త రమ్ము కూడా తాగాడు. మావాడి సంచిలో కోవిడ్ నాటి ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపేది) ఉంది. పిల్లాడి వేలికి పెడితే అంకె రాలేదు, వేళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి. వాడి చెయ్యి రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్ది రుద్ది మళ్లీ పెట్టాడు. 68. శ్రీనగర్ మీదుగా ఎక్కి లేహ్‌లో కొన్నాళ్లున్న మా ఇద్దరికీ అదే టెంటులో 86, 87 చూపించింది. నేనూ మావాడూ యాభైకి దగ్గర్లో ఉన్నాం, పొట్టలున్నాయి, రోజూ జిమ్ము చేసే ఇరవై నాలుగేళ్ల కుర్రాడి కంటే మాకే బాగుంది. కండబలం ఇక్కడ పనిచెయ్యదు. దమ్మున్నవాడు ఇంకా తొందరగా ఎక్కేస్తాడు కాబట్టి వాడికే ఎక్కువ ముప్పు.

కిందికి దిగడమే దీనికి మందు. మరి సర్చు నుంచి కిందికి ఎటు? ఈ సంగతి మ్యాప్ చూస్తే అర్థం కాదు. అదొక గిన్నె అడుగు లాంటి చోటు. వెనక్కి పోవాలంటే 4,890 మీటర్ల బారాలాచా లా ఎక్కి దిగాలి. ముందుకి పోతే గాటా లూప్స్ ఇరవై ఒక్క మలుపులు, ఆపైన నకీ లా, 5,060 మీటర్ల లాచులుంగ్ లా, తర్వాత పాంగ్ (అదీ 4,600), నలభై కిలోమీటర్ల మోరే మైదానం, చివరికి 5,300 మీటర్లు దాటే తంగ్లాంగ్ లా. అన్నీ దాటితే గానీ లేహ్ లోయ రాదు, దగ్గర దగ్గర 250 కిలోమీటర్లు. దిగడానికి ముందు ఎక్కాల్సిన చోట తెచ్చి మొదటి మజిలీ పెట్టారు మీ వాళ్లు.

ఆ గుంపులో ఒకరిద్దరు లేహ్‌కే పోదాం, అక్కడ పెద్దాసుపత్రి ఉందిగా అన్నారు. మావాడు ఒప్పుకోలేదు. తెల్లారగానే కేలాంగ్ వైపు ఖాళీగా పోతున్న టాక్సీ ఒకటి దొరికితే పిల్లాణ్ని ముందు సీట్లో కూర్చోబెట్టించాడు, వాడి బండి మరొకడు తీసుకున్నాడు, మేమూ అటే కదా, వెనకాలే బయల్దేరాం. పొద్దున్నే కదలడానికి ఇంకో కారణం కూడా ఉంది. దారికి అడ్డంగా పారే వాగులు పొద్దున మడమ లోతు ఉంటాయి, ఎండెక్కి పైన మంచు కరిగితే మధ్యాహ్నానికి మోకాలు దాటుతాయి, అడుగున గుండ్రాళ్లు. బారాలాచా మీద ఎక్కడా ఆగలేదు. ఎనభై చిల్లర కిలోమీటర్లు వచ్చి జిస్పాలో (3,200 మీటర్లు) దిగాక, సాయంత్రానికి ఆ పిల్లాడు అన్నం, పప్పు తిని పెరుగుందా అని అడిగాడు. అప్పుడు మావాడు లేచి వెళ్లి బండి చెయిన్‌కి నూనె వేసుకున్నాడు.

మన కొండలు తిరిగాం కదా అనుకుంటారేమో. మారేడుమిల్లి ఘాట్, పాడేరు ఘాట్, శ్రీశైలం దారి, ఇవన్నీ బండి నడపడం బాగానే నేర్పుతాయి, వంపులో ఎటు చూడాలి, దిగేటప్పుడు బ్రేకు మీద కాకుండా సెకండ్ గేర్‌లో ఇంజన్ మీద ఎలా దిగాలి, లారీ వెనక ఎంత దూరం ఉండాలి. కానీ తూర్పు కనుమలన్నిట్లో ఎత్తయిన శిఖరమే 1,700 మీటర్లు లేదు. అంతకంటే పైన ఒంట్లో ఏం జరుగుతుందో మనకి నేర్పే కొండ మన రాష్ట్రాల్లో లేదు.

2025 ఏప్రిల్‌లో పహల్గాంలో జరిగిన ఘోరం తర్వాత కాశ్మీర్ దారంటే ఇళ్లల్లో భయపడుతున్నారు, అది నేను తీసిపారేయను, బయల్దేరే ముందు అక్కడి పరిస్థితి కనుక్కునే వెళ్లాలి. మనాలి నుంచే ఎక్కక తప్పదంటారా, కేలాంగ్‌లోనో జిస్పాలోనో రెండు రాత్రులు ఉండండి. బోరు కొడుతుంది, కొట్టనివ్వండి. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర గురించి ఊళ్లోనే డాక్టర్ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పాలి. ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాల ముచ్చట, దాన్ని నమ్ముకుని పైకి పోకండి.

ఇంకోటి. ఆ కుర్రాళ్ల గుంపులో పిల్లాడికి తలనొప్పి మధ్యాహ్నమే మొదలైందట, అందరి ట్రిప్పూ పాడవుతుందని చెప్పలేదు. పదిమందిలో చెప్పుకోవడం నామోషీ. మా ఇద్దరి మధ్య బయల్దేరేటప్పుడే ఒక ఒప్పందం ఉంది, ఎవరికి తల నొచ్చినా ఆ రోజు బండి ముందుకి కదలదు, వాదన లేదు, వెటకారం అసలే లేదు. ద్రాస్‌లో మావాడు మధ్యాహ్నం మూడింటికే తల బరువుగా ఉందన్నాడు, కార్గిల్ ఇంకెంతో దూరం లేదు, దిగుడే కూడా, అయినా టీ కొట్టు దగ్గర కూర్చుండిపోయాం, వాడు గంటన్నర నిద్రపోయాక గానీ కదల్లేదు. బండి నడిపేవాడు ఎంత మొనగాడైనా తన ముఖం తాను చూసుకోలేడు. అందుకని ఇద్దరు చాలు, ఆ రెండోవాడు మాత్రం మొహమాటం లేనివాడై ఉండాలి.

మీరు ఆ మ్యాప్ మళ్లీ వేస్తే దయచేసి బాణాలు శ్రీనగర్ వైపు నుంచి ఎక్కేలా తిప్పి, ప్రతి మజిలీ పక్కన మీటర్లు వేయించండి. చోటుంటే ఇవీ చేర్చండి: మనాలి దారిలో కేలాంగ్‌కి ముందొచ్చే టాండీ పెట్రోలు పంపు దగ్గర, తర్వాతి పంపు 365 కిలోమీటర్లని మేం వెళ్లినప్పుడు బోర్డే ఉంది, కాబట్టి ఎంత ట్యాంకున్నా ఐదు లీటర్లు వెంట ఉండాలి. మన ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ తీసుకోవాలి, అదీ చాలా చోట్ల మూగబోతుంది, ఇంట్లో ముందే చెప్పి వెళ్లాలి. మనాలిలోనో శ్రీనగర్‌లోనో అద్దెకి తీసుకున్న బండిని లేహ్ చుట్టుపక్కల తిప్పనివ్వరు, పాంగాంగ్ సరస్సుకో నుబ్రా లోయకో పోవాలంటే అక్కడి బండే అద్దెకి తీసుకోవాలి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
రాజమహేంద్రవరం